బట్టలే అడ్డం పడుతున్నాయా? నడక, జిమ్, పరుగు, సైకిల్, ఈత: ఎక్కడ పట్టేస్తుంది, ఎలా సరిచేయాలి

కేబీఆర్_గేటు (మోడరేటర్)
మోకాళ్ల నొప్పుల మీద, ప్రొటీన్ పొడుల మీద ఇక్కడ పేజీలకు పేజీలున్నాయి. ఒంటి మీది బట్ట గురించి ఒక్క థ్రెడ్ లేదు. పార్కుల్లో చూస్తే చాలామంది నడక బట్ట దగ్గరే ఆగిపోతోంది: ఒక చేత్తో కుచ్చిళ్లు పట్టుకుని నడిచేవాళ్లు, జీన్స్‌తో ఓపెన్ జిమ్ ఎక్కి మోకాలు మడవలేక దిగేవాళ్లు, హవాయి చెప్పులతో జాగింగ్ చేసేవాళ్లు.

ఎవరు ఏం వేసుకోవాలనే పంచాయితీ వద్దు. ఏ బట్ట ఏ కదలికను ఎక్కడ పట్టేస్తుంది, ఎందుకు, ఎలా సరిచేయాలి, అంతవరకే. సొంత కథలు కూడా వద్దు. కొలతలు రాయండి.

సూదీదారం
నడకతో మొదలుపెడతాను. అందరూ చీరను తిడతారు గానీ చాలాసార్లు అసలు దోషి కింది లంగా.

లెక్క చూడండి. ఐదడుగుల ఒక అంగుళం ఎత్తున్న మనిషి అడుగు దాదాపు 65 సెం.మీ. ఒక కాలు ముందు, ఒకటి వెనక ఉన్నప్పుడు రెండు చీలమండల చుట్టూ బట్ట తిరిగి రావాలంటే 65కు రెండింతలు 130, చీలమండల చుట్టుకొలత కోసం ఇంకో 25, మొత్తం 155 సెం.మీ. అంటే అంచు ఘేరా (చుట్టుకొలత) కనీసం 61 అంగుళాలు. ఆరు ముక్కల కాటన్ లంగాలో ఇంతకంటే ఎక్కువే ఉంటుంది కాబట్టి ఇబ్బంది లేదు. ఇప్పుడు అందరూ కొంటున్న, ఒంటికి అతుక్కునే షేప్‌వేర్ లంగా అంచు 40 అంగుళాలే అనుకోండి, సాగకముందు అందులో పట్టే అడుగు 38 సెం.మీ. బట్ట సాగుతుంది నిజమే, కానీ ప్రతి అడుగుకూ దాన్ని సాగదీసే పని తొడలది.

సరిచేయడం: కుట్టు ఉన్న పక్కన అంచు నుంచి 12 అంగుళాల చీలిక తీయించండి, చీలిక పై కొసన అడ్డకుట్టు గట్టిగా వేయించండి. లేకపోతే నాలుగు రోజుల్లో చిరుగు తొడదాకా పోతుంది. ఫాల్ అంచు చీలమండ ఎముకకు రెండంగుళాలు పైకి ఉండేలా కట్టాలి. కొంగును ముందుకు తిప్పి నడుము దగ్గర దోపి ఒక పిన్ను పెడితే రెండు చేతులూ ఖాళీ. చేతులు ఊపకుండా నడిస్తే అది నడక కాదు, ఊరేగింపు.

పిక్కబలం
సూదీదారం గారి లెక్కను ఫిజియోథెరపీ వైపు నుంచి పొడిగిస్తాను. నిమిషానికి 100 అడుగులు పడితే దాన్ని ఓ మోస్తరు శ్రమ కింద లెక్కేస్తాం. అడుగు 65 సెం.మీ. అయితే గంటకు 3.9 కిలోమీటర్లు. అదే 38 సెం.మీ. అడుగుతో 2.3 కిలోమీటర్లే. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు చెప్పేది వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ. ఇరుకు అంచుతో 150 నిమిషాలు నడిచినా గుండెకు అందేది అందులో కొంతే. "రోజూ నడుస్తున్నా ఏమీ తగ్గట్లేదు" అనేవాళ్ల కాళ్ల దగ్గర ఘేరా ఎంతుందో ఓసారి చూడాలి.

చెప్పుల సంగతి. వెనక పట్టీ లేని చెప్పు జారిపోకుండా వేళ్లు ప్రతి అడుగులో దాన్ని బిగపట్టుకుంటాయి. దాంతో అడుగు పొట్టిదవుతుంది, మడమ సరిగా ఆనదు, పాదం కింద పొద్దున్నే సలుపు మొదలవుతుంది. వెనక పట్టీ ఉన్న శాండల్ అయినా చాలు, షూనే కావాలని లేదు. ఎత్తు మడమలు ఏళ్ల తరబడి వేసేవాళ్లకు పిక్క కండరం పొట్టిబడి, మడమ వెనక నరం అని మనం పిలిచే స్నాయువు బిరుసెక్కుతుంది. వాళ్లు ఒక్కసారిగా చదును షూలోకి మారి గంట నడిస్తే మడమ వెనక నొప్పి ఖాయం. రెండు మూడు వారాల్లో మెల్లగా మడమ ఎత్తు తగ్గించుకుంటూ రావాలి.

మల్లేపల్లి_భయ్యా
చీరతోని పని కాదంటే నేనొప్పుకోను. మన పల్లెల్ల నాట్లేసేటోళ్లు గోచి వోసి కట్టుకుంటరు. నిడుపాటి చీర, తొమ్మిది గజాలది. కాళ్ల నడుమకెల్లి ఎనకకు తీస్కపోయి నడుం కాడ దోపుడే. మోకాలు లేపినా, వంగినా, గొంతుకూసున్నా ఏమూడది. ఘేరా లెక్క అక్కడ పనికే రాదు, ఎందుకంటే రెండు కాళ్లకు బట్ట వేరువేరు. ఐదున్నర మీటర్ల చీరతోని సక్కగ రాదు, గది మాత్రం నిజం. పాతబస్తీ తాలీంలల్ల పహిల్వాన్లు లంగోటి కట్టేది గిందుకే. అడ్డం వచ్చే గుడ్డ ఉండొద్దు, పట్టు మాత్రం ఉండాలె.

జిమ్_తాళం
భయ్యా, ఆ గోచి సూత్రమే జిమ్ ప్యాంటులో తొడల మధ్య వజ్రం ఆకారంలో వేసే ముక్క. దర్జీలు మియానీ అంటారు. నాలుగు కుట్లు ఒకే చోట కలిస్తే స్క్వాట్ చేసినప్పుడు లాగుడంతా ఆ ఒక్క బిందువు మీదే పడుతుంది. మియానీ వేస్తే అది పంచబడుతుంది. షాపులో ప్యాంటు తిప్పి చూడండి, ఆ ముక్క లేకపోతే వద్దు.

జీన్స్ ఎందుకు కుదరదంటే, మోకాలు పూర్తిగా మడిచినప్పుడు ముందు చర్మం నిలువునా మూడోవంతుకు పైగా సాగుతుంది. పిరుదుల దగ్గరా పావువంతు దాకా. సాగని డెనిమ్ ఆ పొడవు ఎక్కడి నుంచో తెచ్చుకోవాలి, నడుము వెనక నుంచి కిందికి లాక్కుంటుంది. అది కూడా ఆగాక మీ తుంటి మడత ఆగిపోతుంది, నడుము గుండ్రంగా వంగుతుంది. బరువు మీద ఉండగా నడుము వంగడం ఎంత మంచిదో చెప్పక్కర్లేదు. చాలామంది దీన్ని "నాకు కీళ్లు బిగుసుకున్నాయి" అనుకుంటారు. వదులు షార్ట్స్‌తో ఒకసారి కూర్చుని లేస్తే బిగుసుకున్నది కీలో, బట్టో తేలిపోతుంది.

జారుడు పాలిస్టర్ టీషర్ట్ బెంచ్ ప్రెస్‌కు పనికిరాదు. వీపు పైభాగం బెంచీకి అతుక్కుని ఉండాలి, ఆ బట్ట రెక్సిన్ మీద జారుతుంది. స్క్వాట్‌లో భుజాల మీది బార్ కూడా జారుతుంది. ఆ రెండింటికీ పాత కాటన్ బనియన్ టీషర్టే మేలు. మెత్తటి రన్నింగ్ షూతో డెడ్‌లిఫ్ట్ (నేల మీది బరువును పైకి లేపడం) వద్దు, సోల్ నలిగి మడమ పక్కకు ఒరుగుతుంది. చదును గుడ్డ షూ చాలు.

ట్రెడ్‌మిల్ మీద చున్నీ, ఆఫీసు ఐడీ కార్డు తాడు, వేలాడే ఇయర్‌ఫోన్ వైరు, మూడూ నిషిద్ధం. చున్నీ కొస బెల్టు వెనక రోలర్‌లోకి వెళితే లాగేది మెడనే. ఎర్ర సేఫ్టీ కీ క్లిప్పు నడుము దగ్గర బట్టకు పెట్టుకోండి, చాలామంది దాన్ని మిషన్ మీదే వదిలేస్తారు. ఉంగరాలు తీసేయాలి. పుల్లప్ బార్‌కు ఉంగరం తట్టుకుంటే వేలి చర్మం ఊడివచ్చే ప్రమాదాలున్నాయి. నల్లపూసలు, తాళి తీయనివాళ్లు గొలుసును లోపలికి వేసి బ్రా పట్టీకి చిన్న పిన్నుతో కట్టేయండి.

అమీర్‌పేట_అడుగు
మెట్టెలు ఉన్నవాళ్లకు షూ ఎలా? రెండో వేలు నలిగిపోతుంది అంటారు.

పిక్కబలం
షూ ముందుభాగం వెడల్పు చూసి కొనాలమ్మా, సైజు పెంచి కాదు. సైజు పెంచితే మడమ ఆడుతుంది, మెట్టె నొప్పి పోయి బొబ్బలు వస్తాయి. సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. మెట్టెలు, నడకకు వేసే సాక్సు రెండూ ఉన్న కాలితోనే చూడాలి. అన్నిటికంటే పొడవైన వేలి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. చాలామందికి రెండో వేలే పొడవు, సరిగ్గా మెట్టె ఉండేది దానికే. అయినా ఒత్తితే మెట్టెపై చుట్టే మెడికల్ టేపు ఒక పొర చాలు. నగిషీ, మువ్వలు ఉన్న మెట్టెలు మాత్రం షూలోకి వద్దు, సాదా చుట్టు మెట్టెలు మంచివి. పట్టీలు సాక్సు లోపల పెడితే కోసుకుంటాయి. సాక్సు పైన ఉంచండి, లేదా తీసేయండి.

డయాబెటిస్ ఉండి పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లకు ఈ టేపు చిట్కా వర్తించదు. షూలో మెట్టె వద్దే వద్దు. గాయమైనా తెలియదు.

నేత_లెక్క
ఇక పత్తి, పాలిస్టర్ గొడవ. అనివార్యం కాబట్టి నేనే మొదలెడతా.

ప్రామాణిక పరిస్థితుల్లో, అంటే 65 శాతం గాలి తేమలో, పత్తి తన బరువులో దాదాపు 8.5 శాతం తేమ పీల్చుకుంటుంది, పాలిస్టర్ 0.4 శాతం. నైలాన్ 4. చాలా కుర్తీల్లో వాడే విస్కోస్ 11 నుంచి 13. చెమట నీటిగా కారితే సంగతి ఇంకా ముదురుతుంది. 150 గ్రాముల కాటన్ టీషర్ట్ తన బరువంత నీటిని సులువుగా పట్టుకుని 300 గ్రాములవుతుంది. పాలిస్టర్ నూలు లోపలికి పీల్చుకోదు, పోగుల మధ్య సందుల్లోంచి నీటిని బయటి వైపుకు పాకిస్తుంది, అక్కడ ఆరుతుంది.

కొనేటప్పుడు చదరపు మీటరు బరువు అడగండి. రన్నింగ్ టీషర్టుకు 120 నుంచి 150 గ్రాములు. మామూలు కాటన్ టీషర్ట్ 160 నుంచి 180. 12 ఔన్సుల డెనిమ్ 400 దాటుతుంది.

ఓయూ_లూప్
లెక్క ఒప్పుకుంటా, తీర్పు ఒప్పుకోను. హైదరాబాద్‌లో ఏ నెల అన్నది ముఖ్యం. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం గాలి ఎండిపోయి ఉంటుంది, తేమ 30 శాతం చుట్టుపక్కలే. ఆ గాలిలో తడిసిన కాటన్ గబగబా ఆరుతుంది, ఆరుతూ ఒంటిని చల్లబరుస్తుంది. నడకకు పలుచని కాటన్ చొక్కా హాయి. జూలై నుంచి సెప్టెంబర్ దాకా పొద్దున తేమ 80 శాతానికి అటూ ఇటూ. అప్పుడు కాటన్ ఆరదు, బరువెక్కి అతుక్కుంటుంది. ఆగస్టులో హైదరాబాద్ మారథాన్ పరుగెత్తేవాళ్లు కాటన్‌లో దిగితే తొడలు, చంకలు, చనుమొనలు ఒరుసుకుని రక్తం కారడం మామూలు.

కాబట్టి గంట లోపు నడకకు ఏదైనా సరే. 45 నిమిషాలు దాటిన పరుగుకు వానాకాలంలో పాలిస్టరే. ఒరుసుకునే చోట్ల పరుగుకు ముందు పెట్రోలియం జెల్లీ, మగవాళ్లు చనుమొనలకు టేపు. తొడలు ఒరిసేవాళ్లు షార్ట్స్ లోపల తొడ సగందాకా వచ్చే లైక్రా షార్ట్స్ వేసుకోండి. లేబుళ్లు, మెడ వెనక ట్యాగులు కత్తెరతో కాదు, కుట్టు విప్పి తీయండి. కత్తిరిస్తే మిగిలే కొస ఇంకా ఎక్కువ గీరుతుంది.

నేత_లెక్క
నెలల వారీగా విడగొట్టడం బాగుంది, కాదనను. ఒకటి కలుపుతా: ఉతికేటప్పుడు వేసే సువాసన కండిషనర్ పాలిస్టర్ పోగుల మీద పొరగా అంటుకుంటుంది, నీళ్లు పాకే సందులు మూసుకుపోతాయి. "కొత్తలో బాగుండేది, ఇప్పుడు చెమట ఆరట్లేదు" అనే డ్రై ఫిట్ చొక్కాలకు రోగం చాలావరకు ఇదే. కండిషనర్ మానండి, తిరగేసి ఉతకండి, ఎండలో కాదు నీడలో ఆరేయండి. లైక్రాకు ఎక్కువ వేడి పడదు.

చర్మం_మాట
తడి బట్ట గురించి చర్మవైద్యం వైపు నుంచి. జిమ్ అయ్యాక అదే తడి లోదుస్తులతో మెట్రో ఎక్కి, ఆఫీసులో ఏసీలో కూర్చుని, మధ్యాహ్నానికి ఒంటిమీదే ఆరబెట్టుకుంటే గజ్జల్లో తామరకు స్వాగతం పలికినట్టే. బ్యాగులో ఒక జత పొడి లోదుస్తులు పెట్టుకుంటే సగం సమస్య తీరుతుంది. స్నానం కుదరకపోతే తుడుచుకుని మార్చుకోవడమైనా చేయాలి. బిగుతు లెగ్గింగ్స్, జీన్స్ రోజంతా వేసేవాళ్లకు, ఇంట్లో తువ్వాళ్లు కలిపి వాడేవాళ్లకు తామర తిరగబెడుతూనే ఉంటుంది. లోదుస్తులు తిరగేసి కుట్ల మీద ఇస్త్రీ చేయండి. మందుల షాపులో అడిగి తెచ్చుకునే మిశ్రమ క్రీముల్లో స్టెరాయిడ్ ఉంటుంది. రెండు రోజులు దురద ఆగుతుంది, మచ్చ పాకుతూ పోతుంది. మచ్చ కనబడకపోయినా డాక్టర్ చెప్పినన్ని వారాలు మందు వాడాలి.

లంగా నాడా సంగతి కూడా. సన్నటి తాడును ఏళ్ల తరబడి ఒకే గీత మీద బిగిస్తే చర్మం నల్లబడి, పొలుసులు లేచి, పుండు పడుతుంది. మానని పుండు అరుదుగా క్యాన్సర్‌గా మారిన సంగతీ మన దేశపు వైద్యులే నమోదు చేశారు. తాడు బదులు రెండంగుళాల వెడల్పు పట్టీ పెట్టించండి, ముడి చోటు రోజూ మార్చండి. నడుము దగ్గర నెలలుగా మానని పుండుంటే చూపించుకోవాలి.

పిక్కబలం
అదే వరసలో: బిగుతు బెల్టు, జీన్స్ నడుము ముందువైపు నరాన్ని నొక్కితే తొడ బయటివైపు మంట, తిమ్మిరి వస్తాయి. చాలామంది దాన్ని సయాటికా అనుకుని నడక మానేస్తారు. బెల్టు ఒక రంధ్రం వదులు చేస్తే కొన్ని వారాల్లో తగ్గేవి ఎక్కువ. 2015లో ఆస్ట్రేలియా వైద్యులు ఒక కేసు ప్రచురించారు. బిగుతు జీన్స్‌తో గంటల తరబడి గొంతుక్కూర్చుని పనిచేసిన మహిళకు పిక్కలు వాచి, నరాలు దెబ్బతిని, ఆసుపత్రిలో జీన్స్ కత్తిరించి తీయాల్సి వచ్చింది.

బేగంబజార్_బేరం
కోఠీలో దొరికే చెమట బెల్టు, ప్లాస్టిక్ సూట్ వేసుకుని నడిస్తే వారంలో రెండు కిలోలు పోతాయంటున్నారు, నిజమేనా?

జిమ్_తాళం
పోయేది నీళ్లు. లీటరు చెమట ఒక కిలో, రెండు చెంబులు తాగగానే తిరిగి వస్తుంది. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. ప్లాస్టిక్ ఆ ఆరడాన్నే ఆపేస్తుంది. 1997 చివర్లో అమెరికాలో ముగ్గురు కాలేజీ రెజ్లర్లు బరువు తగ్గించుకోవడానికి ఇలాంటి పద్ధతుల్లో కసరత్తు చేస్తూ చనిపోయారు, ఆ తర్వాత అక్కడి కాలేజీ క్రీడల సంఘం రబ్బరు సూట్లు నిషేధించింది. మన మే నెల ఎండలో దాని గురించి ఆలోచన కూడా వద్దు.

పాతబస్తీ_పావురం
అబాయాతో నడిచేవాళ్ల కోసం ఎవరైనా రాస్తే బాగుంటుంది. కుదరదు అని వదిలేయకండి, కుదురుతుంది.

సూదీదారం
తప్పకుండా ఆపా. మూడు చోట్ల సవరిస్తే చాలు. ఒకటి, అంచు చీలమండ పైకి ఉండాలి, నేలను ఊడ్చే అంచు గోల్కొండ మెట్ల మీద, మెట్రో ఎస్కలేటర్ మీద ప్రమాదం. రెండు, ముందు తెరిచి ఉండే రకమైతే మోకాలి కింది నుంచి ప్రెస్ బటన్లు విప్పేలా పెట్టించి లోపల వదులు ప్యాంటు వేయండి, లేదా పక్కల్లో మోకాలి దాకా మడతలు పెట్టించండి. మడత మూసి ఉన్నప్పుడు ఏమీ కనబడదు, అడుగు వేస్తే తెరుచుకుంటుంది. మూడు, చేతి అంచుకు ఎలాస్టిక్. తలకు పిన్నులతో చుట్టేది కాకుండా తొడుక్కునే సాగే హిజాబ్ మంచిది, పిన్ను ఊడి గుచ్చుకునే బాధ లేదు. ఫుట్‌బాల్‌లో 2014లో, బాస్కెట్‌బాల్‌లో 2017లో అంతర్జాతీయ నిబంధనలే దానికి దారి ఇచ్చాయి.

చంకల దగ్గర మాత్రం ఎవరూ అడగరు, అందరికీ ఇబ్బంది అక్కడే. జాకెట్టు అయినా, కుర్తీ అయినా చంక రౌండు కిందికి దిగిపోతే చెయ్యి ఎత్తగానే బట్ట మొత్తం పైకి లేస్తుంది. వదులుగా ఉంటే హాయి అనుకుని చంక కిందికి పెట్టించుకుంటారు, ఫలితం తలకిందులు. చంక పైకి ఉండి, చేతి గుడ్డ వెడల్పుగా ఉండాలి. సూర్యనమస్కారాలకు వాడే కుర్తీకి పక్క చీలికలు తుంటి ఎముక దాకా, పొడవు తొడ సగం దాకా చాలు. పలాజో మాత్రం వద్దు, కాలు ముందుకు తెచ్చినప్పుడు బొటనవేలు అంచులో చిక్కుకుంటుంది.

అమీర్‌పేట_అడుగు
స్పోర్ట్స్ బ్రా గురించి ఎవరూ రాయట్లేదు. చాలామంది పరుగు ఆపేసేది దానివల్లే.

పిక్కబలం
మంచి ప్రశ్న. ఆధారం ఎక్కువగా భుజం పట్టీలది కాదు, రొమ్ము కింది బ్యాండుది. అది పక్కటెముకల చుట్టూ అడ్డంగా సమంగా ఉండాలి. వెనక పైకి ఎక్కిందంటే వదులు. కింద రెండు వేళ్లు పట్టాలి, పిడికిలి పట్టకూడదు. హుక్కులున్న రకమైతే కొనే రోజు చివరి, అంటే వదులు హుక్కుకు సరిపోయేది తీసుకోండి. ఎలాస్టిక్ సాగేకొద్దీ లోపలికి పోవచ్చు. మొదటి రోజే లోపలి హుక్కు పెడితే మూడు నెలలకు ఇక దారి లేదు.

పరుగులో రొమ్ము పైకీ కిందికీ మాత్రమే కాదు, పక్కలకూ ముందుకూ కదులుతుంది. చిన్న సైజులకు అదిమి పట్టే రకం చాలు. పెద్ద సైజులకు రెండు కప్పులూ విడిగా ఉన్నది కావాలి. మామూలు బ్రాలు రెండు ఒకదాని మీద ఒకటి వేస్తే ఊపిరి బిగుస్తుంది తప్ప ఊపు ఆగదు. ట్రయల్ రూములో పదిసార్లు గెంతి, చేతులు పైకెత్తి చూడండి. ఎత్తినప్పుడు బ్యాండు పైకి జరిగితే ఆ సైజు కాదు.

ఓఆర్ఆర్_చక్రం
సైకిల్ వాళ్ల కోసం క్లుప్తంగా. 2023లో తెరిచిన ఔటర్ రింగ్ రోడ్డు సోలార్ ట్రాక్ 23 కిలోమీటర్లు, కప్పు నీడ ఉంది కాబట్టి ఎండ బట్టల బెంగ తక్కువ. కుడి కాలి ప్యాంటు అంచును వెల్క్రో పట్టీతో కట్టండి, గొలుసు ఆ వైపే. చున్నీ అయితే నడుముకు చుట్టి ముడి, భుజం మీద వేలాడకూడదు. ప్యాడ్ ఉన్న సైకిల్ షార్ట్స్ లోపల చడ్డీ వేయకూడదు, ఆ కుట్లే ఒరుస్తాయి. పొద్దున ఐదింటికి ట్రాక్ దాకా రోడ్డు మీద వెళ్లేవాళ్లు నల్ల టీషర్ట్ మానండి. మెరిసే పట్టీ వీపు మీద కంటే చీలమండల మీద బాగా పనిచేస్తుంది, కదులుతుంది కాబట్టి డ్రైవర్ కంట్లో పడుతుంది.

మల్లేపల్లి_భయ్యా
ఈతకు చెడ్డీ బనియన్‌తోని దుంకనియ్యరు ఎందుకు? మా పోరగాళ్లు ఊకె అడుగుతరు.

నేత_లెక్క
కాటన్ నీళ్లు పీల్చి కిందికి లాగుతుంది, ఈదేవాడికి అదే బరువు. పైగా దాని నూగు పోయి ఫిల్టర్‌లో చేరుతుంది. నైలాన్ లేదా పాలిస్టర్ కావాలి. రోజూ ఈదేవాళ్లు పాలిస్టర్, పీబీటీ (పాలిస్టర్‌లోనే ఒక రకం) అని లేబుల్ ఉన్నది కొనండి, క్లోరిన్ లైక్రాను తినేస్తుంది, వీటిని అంతగా కాదు. కొలనులోకి దిగేముందే షవర్ కింద మామూలు నీళ్లతో బట్ట తడపండి. ముందే నీళ్లు పట్టిన బట్టలోకి క్లోరిన్ నీళ్లు తక్కువ చేరతాయి. పిండొద్దు, తువ్వాలులో చుట్టి అదమండి. మోచేతులు, మోకాళ్ల దాకా వచ్చే సూట్లు కూడా ఇదే గుడ్డతో దొరుకుతాయి, కాబట్టి పొట్టి బట్ట ఇష్టం లేదని ఈత మానక్కర్లేదు.

బేగంబజార్_బేరం
ఫోన్ ఎక్కడ పెట్టాలి? ట్రాక్ ప్యాంటు జేబులో వేస్తే ప్యాంటే దిగిపోతోంది.

సూదీదారం
200 గ్రాముల ఫోన్ పక్క జేబులో ప్రతి అడుగుకూ తొడను కొడుతుంది, ఎలాస్టిక్‌ను కిందికి లాగుతుంది. వెనక నడుము పట్టీ మధ్యలో, వెన్నెముక మీద జిప్పు జేబు కుట్టించండి: లోపలి కొలత ఏడున్నర అంగుళాలు అడ్డం, నాలుగున్నర నిలువు. ఫోన్ అడ్డంగా పెట్టాలి. గుడ్డ లైక్రా ఉన్నదే వాడాలి, లేకపోతే పట్టీ సాగదు, జేబు కుట్టు తెగుతుంది. ఎలాస్టిక్ ఒక్కటే ఉన్న ప్యాంటుకు లోపల నాడా కూడా వేయించండి, మిషన్ కుట్టుతో మధ్యలో ఒకచోట పట్టించి, ఉతికినప్పుడు లోపలికి జారిపోకుండా.